ఏప్రిల్ అడిగిన ప్రశ్న ఆ పాప అడక్కూడదా?

'దెన్ షీ ఫౌండ్ మీ' అని ఒక రొమాంటిక్ కామెడీ ఉంది. 2007లో టొరంటో ఫిల్మ్ ఫెస్టివల్‌లో మొదటిసారి చూపించారు, 2008లో అమెరికా థియేటర్లకొచ్చింది. హెలెన్ హంట్ డైరెక్ట్ చేసిన మొదటి సినిమా, హీరోయిన్ కూడా ఆవిడే. ఎలినార్ లిప్‌మన్ 1990లో రాసిన నవల దీనికి ఆధారం. మంచి సినిమానే, తొంభై శాతం. నా గొడవంతా మిగతా పది శాతం మీద. ఆ పది శాతం సరిగ్గా చివర్లో ఉంది. పైగా చూసినవాళ్ళు "అబ్బ, ఎంత చక్కటి ముగింపో" అనేది కూడా దాన్నే! (ముగింపు చెప్పకుండా దీని గురించి మాట్లాడ్డం కుదరదు. చూద్దామనుకున్నవాళ్ళు చూసొచ్చి చదవండి.)

కథ టూకీగా ఇదీ. ఏప్రిల్ ముప్ఫై తొమ్మిదేళ్ళ స్కూల్ టీచరు. తనని దత్తత తీసుకుని పెంచారు. తనకో బిడ్డ కావాలి, అదీ తన కడుపున పుట్టిన బిడ్డే కావాలి. పెంచిన తల్లేమో "దత్తత తీసుకో, తేడా ఏమీ ఉండదు" అంటుంది. "తేడా ఉంటుంది, నాకు తెలుసు" అన్నది ఏప్రిల్ వాదన. ఇంతలో మొగుడు వదిలేసి పోతాడు, పెంచిన తల్లి చనిపోతుంది, ఇంకో మగాడు (కాలిన్ ఫర్త్) పరిచయం అవుతాడు, వీటన్నిటి మధ్య బెట్ మిడ్లర్ ఊడిపడి "నేనే నీ కన్నతల్లిని" అంటుంది. ఈవిడ ఒక టీవీ షో హోస్టు. నోరు తెరిస్తే కబుర్లు, కబుర్లలో సగం అబద్ధాలు. "మీ నాన్న స్టీవ్ మెక్వీన్" అని చెప్పేస్తుంది. కాదని తేలాక కూడా పెద్దగా సిగ్గుపడదు! ఎందుకు వదులుకున్నానో మొదట చెప్పిన కథా నిజం కాదు. (డాక్టరు వేషంలో సల్మాన్ రష్దీ కనిపించి మనల్ని కాసేపు కంగారు పెడతాడు, అది వేరే సంగతి.)

ఇక్కడిదాకా నాకు సినిమా చాలా నచ్చింది. ఎందుకంటే ఇది కన్నతల్లికి హారతి పట్టదు. మన సినిమాల్లో అయితే పాతికేళ్ళ తర్వాత తల్లి కనపడగానే వయొలిన్లు మొదలవుతాయి, పుట్టుమచ్చ కనపడుతుంది, ఇద్దరూ కావలించుకుని ఏడుస్తారు, "ఎందుకు వదిలేశావు" అన్న ప్రశ్న ఆ కన్నీళ్ళలో కొట్టుకుపోతుంది. ఇక్కడ ఏప్రిల్ ఆ ప్రశ్నని వదలదు. వదిలేశావని కాదు తన కోపం, అబద్ధం చెప్పావని. నా పుట్టుక గురించి నిజం నాది, దాన్ని నీ ఇష్టమొచ్చినట్టు వండి వడ్డించడానికి నువ్వెవరు అని.

ఇది మనకి తెలియని కథ కాదు. కుంతి కర్ణుడి దగ్గరికి ఎప్పుడొచ్చింది? యుద్ధం ముందు, తన అవసరం కొద్దీ. అంతకుముందు అవకాశం లేకా? అస్త్రవిద్యా ప్రదర్శన రోజున అందరూ కర్ణుణ్ణి కులం పేరెత్తి అవమానిస్తుంటే ఎదురుగానే ఉంది, నోరు విప్పలేదు. నిజం ఎప్పుడు చెప్పాలన్నది ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతిలోనే ఉంటుంది. సినిమా పేరు చూడండి, ఆమె నన్ను కనుక్కుంది. నేను ఆమెని కాదు.

అది మాటవరసకి పెట్టిన పేరు కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో దత్తత జరిగితే అసలు బర్త్ సర్టిఫికెట్‌కి సీలు వేసి, పెంచినవాళ్ళ పేర్లతో కొత్తది ఇచ్చేవారు. 1930ల నించీ ఇదే పద్ధతి. మన భాషలో చెప్పాలంటే రికార్డుని ఓవర్‌రైట్ చేసి, హిస్టరీ టేబుల్‌కి తాళం వేసి, ఆ డేటా ఎవరిదో ఆ మనిషికే యాక్సెస్ ఇవ్వకపోవడం అన్నమాట. ఈ చట్టం 2019లో మారింది. 2020 జనవరి 15 నించి పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు తమ అసలు సర్టిఫికెట్ తాము తీసుకోవచ్చు. సినిమా వచ్చిన పుష్కరానికి!

సరే, ఇక ఆ ముగింపు. ఏప్రిల్‌కి గర్భం నిలవదు. ఎన్నో తంటాలు పడుతుంది. ఆఖరి సీన్‌లో చూస్తే తన దగ్గరో పాప. చైనా నించి దత్తత తెచ్చుకున్న పాప. అందరూ నవ్వు మొహాలు. శుభం!

అయ్యా, ఇదెక్కడి న్యాయం? ఇంతసేపూ ఒక దత్తపుత్రిక "నన్ను కన్నదెవరు, ఎందుకు వదిలేసింది, నిజం చెప్పండి" అని అడిగితే దాన్ని న్యాయమైన ప్రశ్న అని మనచేత ఒప్పించిన సినిమా, చివరికి ఇంకో దత్తపుత్రికని తెచ్చి బహుమతిలా హీరోయిన్ చేతిలో పెట్టింది. ఆ పాపని కన్నది ఎవరు? ఎందుకు వదులుకుంది? ఒక్క ముక్క లేదు. ఏప్రిల్ కథకి ఆ పాప ముగింపు అయ్యింది కానీ, ఆ పాపకీ ఒక కథ ఉండాలని ఎవరికీ తట్టలేదు.

ఆ కథ ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 1980 ప్రాంతం నించి 2015 దాకా చైనాలో ఒకే బిడ్డ విధానం నడిచింది. బిడ్డని వదిలేయడం నేరం కాబట్టి పేరు చెప్పి ఎవరూ ఇచ్చేవారు కాదు. ఏ బజారులోనో, అనాథాశ్రమం గేటు ముందో పెట్టి వెళ్ళిపోయేవారు. అలా దొరికినవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. 1992 నించి అమెరికా కుటుంబాలే 80,000కి పైగా చైనా పిల్లల్ని తీసుకెళ్ళాయి. వీళ్ళలో చాలామందికి సీలు వేసిన సర్టిఫికెట్ కూడా లేదు. అసలు రికార్డే లేకపోతే తాళం తియ్యడానికేముంది? ఇప్పుడు వాళ్ళు పెద్దవాళ్ళై డీఎన్‌ఏ టెస్టులు పట్టుకుని చైనా పల్లెల్లో వెతుక్కుంటున్నారు. 2005లో, అంటే ఈ సినిమాకి ముందే, హునాన్ రాష్ట్రంలో పిల్లల్ని కొని అనాథాశ్రమాలకి అమ్మే ముఠా బయటపడింది. 2024లో చైనా, దగ్గర బంధువుల విషయంలో తప్ప, విదేశీ దత్తతలన్నీ ఆపేసింది. అంటే ఆ 'చక్కటి ముగింపు' ఇవాళ కాగితం మీద కూడా కుదరదు.

"రొమాంటిక్ కామెడీలో ఇవన్నీ వెతుకుతావేంటి బాబూ" అంటారేమో. నేను వెతకలేదండీ. ఆ ప్రశ్న లేవదీసింది సినిమానే. లేవదీసి, పెద్దావిడ అడిగితే హక్కు అంది, పసిపిల్ల వంతు వచ్చేసరికి చప్పట్లు కొట్టించి తెర దించింది.

"ఎక్కడో చైనా గోల మనకెందుకు" అని కూడా అనొద్దు. మన ఊళ్ళ సంగతి చెప్తాను. 1999లో, మళ్ళీ 2001లో హైదరాబాద్ దత్తత ఏజెన్సీల బాగోతం బయటపడింది. నల్గొండ జిల్లా దేవరకొండ చుట్టుపక్కల లంబాడా తండాల నించి పసికందుల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, దళారులు కొద్దిపాటి డబ్బు చేతిలో పెట్టి తెచ్చి ఏజెన్సీలకి చేర్చారు. అక్కడినించి విదేశాలకి. పేదరికమనో ఆడపిల్ల అనో బిడ్డల్ని ఏజెన్సీలకి వదులుకోవడాన్ని 2001లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించాల్సొచ్చింది.

అలబామాలో డేవిడ్ స్మోలిన్ అని ఒక లా ప్రొఫెసరు. ఆయనా, ఆయన భార్యా 1998లో ఆంధ్రప్రదేశ్ నించి ఇద్దరు అక్కచెల్లెళ్ళని దత్తత తీసుకున్నారు. పిల్లలు వచ్చిన కొన్నాళ్ళకే తెలిసింది, తల్లి వాళ్ళని దత్తతకి ఇవ్వనేలేదని. చూసుకుంటారు, చదివిస్తారు అని అప్పగిస్తే వాళ్ళు సముద్రాలు దాటించేశారు. ఆ కుటుంబాన్ని వెతికి పట్టుకోవడానికి ఏళ్ళు పట్టింది. నల్లడబ్బుని తెల్లగా మార్చినట్టు ఎత్తుకొచ్చిన బిడ్డని కాగితాలతో అనాథగా మార్చడానికి 'చైల్డ్ లాండరింగ్' అని పేరు పెట్టి ఆయన 2006లో పెద్ద వ్యాసమే రాశారు. ఆ తల్లికి టీవీ షో లేదు, కబురంపడానికి మనుషులు లేరు. ఆవిడ వచ్చి "నేనే నీ తల్లిని" అనే సినిమా ఎవరు తీస్తారు?

నేను దత్తతకి వ్యతిరేకిని కాను. అనాథాశ్రమంలో మగ్గేకంటే ఒక ఇల్లు దొరకడం వెయ్యి రెట్లు మేలు. కానీ ఇల్లు ఇచ్చాం కదా, నిజం ఎందుకు అనడం ఏం లెక్క? రెండూ ఇవ్వొచ్చు. మనవాళ్ళలో ముప్ఫై ఐదు దాటి, క్లినిక్‌ల చుట్టూ తిరిగి అలిసిపోయి, దత్తత గురించి ఆలోచిస్తున్న జంటలు తక్కువేం లేరు. వాళ్ళకి దొరికే మొదటి సలహా ఏంటో తెలుసా? "బిడ్డకి మాత్రం తెలియనివ్వకండి. ఊరు మారిపోండి." రెండో సలహా, "ఎంత పుణ్యం చేస్తున్నారో!" మొదటిది బిడ్డ నించి నిజాన్ని లాక్కుంటుంది. రెండోది బిడ్డని జీవితాంతం బాకీదారుని చేస్తుంది. తర్వాత ఎప్పుడో "నన్ను కన్నదెవరు" అని అడిగితే "ఇంత పెంచితే ఇదా కృతజ్ఞత" అంటారు. కర్ణుడు రాధేయుడిగానే ఉంటానన్నాడు, కుంతి ఎవరో తెలిసిన తర్వాత కూడా. నిజం తెలిస్తే పెంచిన ప్రేమ పోతుందని భయపడేవాళ్ళు ఆ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

మన దేశంలో 2022 దత్తత నియమాల ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండిన బిడ్డ తన మూలాల గురించి అడగొచ్చు. కన్నవాళ్ళ గోప్యతకి భంగం కలగకూడదన్న షరతు ఉంది, అది సబబే. కానీ అడగాలంటే ముందు తను దత్తబిడ్డనని తెలియాలి కదా! ఆ తర్వాత కాగితాల్లో ఉన్నది నిజమై ఉండాలి. మొదటిది ఇంట్లోవాళ్ళ చేతుల్లో ఉంది, రెండోది ప్రభుత్వం చేతుల్లో. చట్టం ఒక్కటే ఏమీ చెయ్యలేదు.

ఆ ఆఖరి సీన్‌లో పాపకి ఇప్పుడు ఇరవై దాటి ఉంటాయి. ఏదో ఒక రోజు ఏప్రిల్‌ని అడిగే ఉంటుంది. అక్కడ మొదలవ్వాల్సిన సినిమాని అక్కడే ఆపేశారు. ఇప్పుడు చెప్పండి, అది చక్కటి ముగింపేనా?