అది సాంకేతిక లోపం కాదు

మాదకద్రవ్యాల కేసులో కింది కోర్టు విధించిన శిక్షను అప్పీలులో హైకోర్టో, సుప్రీంకోర్టో రద్దు చేసినప్పుడల్లా, నిందితుడు సాంకేతిక కారణాలతో బయటపడ్డాడన్న మాట వార్తలలో వినిపిస్తుంది. చదివినవారు దానిని ఒకే విధంగా అర్థం చేసుకుంటారు: నేరం జరిగింది, చేసినవాడు వీడే, కాగితాలలో ఏదో పొరపాటు దొర్లడం వల్ల తప్పించుకున్నాడు. విడుదలై ఇంటికి వచ్చిన యువకుణ్ణి ఈ మాట వెంటాడుతూనే ఉంటుంది. పనికి పోయిన చోట, చెల్లెలి పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు, ఆఖరికి మసీదు మెట్ల మీద కూడా అది ఎదురవుతుంది. ఆ ‘సాంకేతికం’ వెనుక ఉన్నదేమిటో తెలియకపోవడమే ఈ అన్యాయానికి మూలం.

మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. మామూలు నేరాలలో నేరాన్ని రుజువు చేసే భారం పూర్తిగా ప్రాసిక్యూషన్‌దే. ఈ చట్టంలో అలా కాదు. సరుకు ఒకరి అధీనంలో దొరికిందని తేలితే, అది ఎలా వచ్చిందో సంతృప్తికరంగా చెప్పుకోవలసిన బాధ్యత అతనిదేనని 54వ సెక్షన్ అంటుంది. తెలిసే దగ్గర ఉంచుకున్నాడని 35వ సెక్షన్ ముందే భావిస్తుంది. గంజాయి 20 కిలోలు దాటినా, హెరాయిన్ 250 గ్రాములు దాటినా అది వాణిజ్య పరిమాణం అవుతుంది. శిక్ష 10 ఏళ్లకు తగ్గదు, 20 ఏళ్ల వరకు పోవచ్చు, జరిమానా కనీసం లక్ష రూపాయలు. బెయిలు కావాలంటే, ఇతడు నిర్దోషి అని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయని విచారణ ముగియకముందే న్యాయమూర్తికి అనిపించాలి. 37వ సెక్షన్ షరతు అది.

ఇంతటి కఠినమైన అధికారాన్ని పోలీసు చేతికి ఇస్తూ పార్లమెంటు కొన్ని కట్టుబాట్లు కూడా పెట్టింది. అందిన సమాచారాన్ని ముందుగా రాతలో పెట్టి, 72 గంటలలోగా పైఅధికారికి పంపాలి. ఒంటిపై సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ఎదుటగానీ మేజిస్ట్రేటు ఎదుటగానీ సోదా చేయించుకునే హక్కు నీకు ఉందని ఆ మనిషికి చెప్పాలి. అరెస్టు, జప్తుల నివేదికను 48 గంటలలో పైఅధికారికి అందించాలి. సరుకుకు సీలు వేసి భద్రపరచాలి, మేజిస్ట్రేటు సమక్షంలో జాబితా ధ్రువీకరించి నమూనాలు తీయాలి. నిందితుడు నేరస్థుడని చట్టమే ముందు ఊహిస్తున్నప్పుడు, ఆ ఊహకు ఆధారమైన జప్తు నిజంగా జరిగిందా, పరీక్షకు వెళ్లిన పొట్లం జప్తు చేసిన సరుకులోనిదేనా అన్న ప్రశ్నలే అతనికి మిగిలిన రక్షణ. వాటిని సాంకేతికం అని కొట్టిపారేస్తే ఇక ఆ మనిషి చేతిలో మిగిలేది ఏదీ లేదు.

ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగిరీ చేసినవారెవరైనా ఈ సంగతిని ఇట్టే గ్రహిస్తారు. ఒక ఫైలు ఈ బల్ల నుంచి ఆ బల్లకు పోవాలంటే రిజిస్టరులో తేదీ, పొట్టి సంతకం పడాలి. స్టేషనరీ బీరువాలో ఒక రీము కాగితం తగ్గితే ఆడిట్‌వారు సంజాయిషీ అడుగుతారు. ఒక మనిషి జీవితంలో పదేళ్లను తేల్చే పొట్లం స్టేషను మాల్‌ఖానాలో ఎన్ని రోజులు ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంది, ప్రయోగశాలకు ఎవరు తీసుకుపోయారు అని అడగడం ఏ విధంగా అతి అవుతుంది?

ఈ విషయంలో చదవదగిన తీర్పు 2008 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన నూర్ ఆగా తీర్పు. 1997లో అమృత్‌సర్ రాజాసాన్సీ విమానాశ్రయంలో ఒక ఆఫ్ఘన్ పౌరుని ద్రాక్షపండ్ల అట్టపెట్టెలో 1 కిలో 400 గ్రాముల హెరాయిన్ దొరికిందని కస్టమ్స్ అధికారుల ఆరోపణ. విచారణ కోర్టు 10 ఏళ్ల శిక్ష వేసింది, హైకోర్టు సమర్థించింది. సుప్రీంకోర్టు 35, 54 సెక్షన్లు రాజ్యాంగబద్ధమేనని చెబుతూనే, శిక్ష ఎంత కఠినమో రుజువు కూడా అంత కట్టుదిట్టంగా ఉండాలని, మూలమైన వాస్తవాలను ప్రాసిక్యూషన్ నిరూపించిన తరువాతే భారం నిందితునిపైకి మారుతుందని తేల్చింది. పట్టుకున్నామన్న సరుకు కోర్టు ముందుకు రాలేదు. స్వతంత్ర సాక్షులను విచారించలేదు. నిర్బంధంలో ఇచ్చిన ఒప్పుకోలు వాఙ్మూలాన్ని ఆధారం చేసుకున్నారు. దర్యాప్తు న్యాయంగా సాగలేదని నిర్ణయించి కోర్టు అతన్ని విడుదల చేసింది. అప్పటికి పదకొండేళ్లు గడిచాయి. ఈ చట్టం కింద అధికారులు తీసుకున్న ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్న సూత్రాన్ని 2020లో తూఫాన్ సింగ్ తీర్పు స్థిరపరచింది.

అయితే ఏదో ఒక లోపం కనిపించగానే అప్పీలు గెలిచినట్లేనని అనుకోరాదు. సోదా హక్కు ఒంటిపై సోదాకే గానీ చేతిలోని సంచికి వర్తించదు. ఫిర్యాదు చేసిన అధికారే దర్యాప్తు చేసినంత మాత్రాన కేసు పోదని 2020లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. చెన్నైలో 20 కిలోల హెరాయిన్ కేసులో నమూనాలు మేజిస్ట్రేటు సమక్షంలో తీయలేదన్న కారణంతో 2023లో శిక్ష రద్దయింది; కానీ అటువంటి లోపం ఒక్కటే ప్రతి కేసులోనూ ప్రాణాంతకం కాదని, మిగతా సాక్ష్యం నమ్మదగినదా అన్నది చూడాలని 2025 జనవరిలో అదే కోర్టు వివరించింది. కాబట్టి విచారణ కోర్టులో జరిగే అడ్డప్రశ్నలే కీలకం. అప్పీలు కోర్టు సాధారణంగా కొత్త సాక్షులను పిలవదు, కింద నమోదైన దానినే చదువుతుంది. సీలు గురించి, మాల్‌ఖానా రిజిస్టరు గురించి అక్కడ అడగని ప్రశ్నకు హైకోర్టులో జవాబు దొరకడం కష్టం.

ఇక మధ్యవర్తుల సంగతి. మన రెండు రాష్ట్రాలలో పంచనామాకు గ్రామ రెవెన్యూ సిబ్బందిని పిలవడం ఆనవాయితీ. ముందే రాసి ఉంచిన నివేదికపై సంతకం చేయవలసి వస్తే, పై కార్యాలయంతో తగువు ఎందుకని మౌనంగా చేసి వచ్చే చిరుద్యోగి ఆ సంతకం విలువను ఊహించడు. ఈ పత్రిక చదివే ఉద్యోగులకు ఒక్క మాట: కళ్లతో చూడని దానికి సంతకం చేయకండి.

కాలయాపనే ఒక శిక్ష. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఒక గంజాయి కేసులో బెయిలు ఇచ్చేనాటికి ఆ యువకుడు ఏడేళ్లకు పైగా జైలులో ఉన్నాడు. విచారణ అప్పటికీ ముగియలేదు. ఇంకోవైపు, సరైన అనుమానం లేకుండా వేధింపుగా సోదా చేసిన అధికారికి 58వ సెక్షన్ నిర్ణయించిన గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. విచారణ ఖైదీలలో ముస్లింల వాటా జనాభాలో వారి వాటాకన్నా, అంటే 2011 లెక్కల ప్రకారం 14.2 శాతంకన్నా, ఎక్కువగా ఉంటూ వస్తున్నదని కేంద్ర ప్రభుత్వ జైలు గణాంకాలే చూపుతున్నాయి. అందువల్ల ఈ దుర్భర నిరీక్షణ మన ఇళ్లకు దూరపు విషయం కాదు.

మత్తు మన ధర్మంలో నిషిద్ధం. మన గల్లీలలో పిల్లలకు గంజాయి పొట్లాలు అమ్మేవాడు మన సమాజానికి శత్రువే, వాణ్ణి వెనకేసుకు రావలసిన పని ఏ జమాఅతుకూ లేదు. కానీ అరెస్టు వార్త రాగానే ఆ కుటుంబాన్ని వెలివేసినట్లు చూడడం, తల్లిదండ్రులు సిగ్గుతో వకీలు గడప తొక్కకపోవడం వేరే సంగతి. ఆ మొదటి వారాలలోనే కేసు సగం నడిచిపోతుంది. అరెస్టు ఏ సమయంలో, ఎక్కడ జరిగిందో చూసినవారి పేర్లు ఆనాడే రాసి ఉంచుకోవాలి; దగ్గరి దుకాణాల కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే భద్రపరచమని కోర్టును కోరాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, జప్తులను వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. ఆ వీడియో ప్రతి కోసం వకీలు దరఖాస్తు పెట్టాలి. వీడియో లేదంటే ఎందుకు లేదో రికార్డులోకి ఎక్కించాలి. ఫీజు కట్టే స్తోమత లేకపోతే, నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తికీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలి. శిక్ష పడితే హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు. తీర్పు నకలు కోసం అదేరోజు దరఖాస్తు చేయండి, ఆ నకలు తయారీకి పట్టిన రోజులను గడువులో లెక్కించరు.