మినీ పీసీ కొనాలా.. అసెంబుల్డ్ చేయించుకోవాలా? పాత లెక్కను తలకిందులు చేసిన ర్యామ్ ధరలు!

కంప్యూటర్ కొనాలంటే తెనాలి, బాపట్ల, రేపల్లెలో ఏళ్ల తరబడి వినిపించిన మాట ఒక్కటే.. బ్రాండెడ్ ఎందుకు, విడిభాగాలు తెప్పించి బిగించుకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయి కదా అని. బాపట్లలో ఇంజనీరింగ్ విద్యార్థి అయినా, తెనాలిలో డీటీపీ సెంటర్ నడిపేవాళ్లైనా, రేపల్లెలో టాలీ లెక్కలు రాసుకునే రొయ్యల వ్యాపారి అయినా ఇదే ఫార్ములా. 2025 చివరి నుంచి ఆ ఫార్ములా పనిచేయడం లేదు. అరచేతిలో పట్టే మినీ పీసీలు ఒకవైపు ఊరిస్తుంటే, ఇంకోవైపు ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు అసెంబుల్డ్ సిస్టమ్ బడ్జెట్‌ను పెంచేస్తున్నాయి. మరి ఏది కొంటే లాభం?

ర్యామ్ ఎందుకు మండుతోంది?

ప్రపంచంలో మెమరీ చిప్‌ల తయారీ ప్రధానంగా మూడు కంపెనీల చేతుల్లో ఉంది. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకు కావాల్సిన ఖరీదైన మెమరీ వైపు ఈ మూడూ మళ్లాయి. దాంతో మామూలు కంప్యూటర్లలో వాడే డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌కు కొరత వచ్చింది. 2025 చివరి నెలల్లోనే చాలా ర్యామ్ కిట్ల రిటైల్ ధర రెట్టింపు దాటింది. అదే ఏడాది డిసెంబర్‌లో మైక్రాన్ మరో బాంబు పేల్చింది. ఇక్కడి షాపుల్లో అందరికీ తెలిసిన క్రూషియల్ బ్రాండ్ రిటైల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది.

ఈ దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. పెద్ద కంపెనీలు నెలల ముందే ఒప్పందాలు చేసుకుని మెమరీ కొంటాయి. కాబట్టి వాటి ధరల్లో పెరుగుదల కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. విడిగా ఒక్క ర్యామ్ స్టిక్ కొనేవాళ్లపై మాత్రం ఏ రోజు పెరిగితే ఆ రోజే భారం. అందుకే పాత స్టాక్ ఉన్న మినీ పీసీ ఒక్కోసారి అసెంబుల్డ్ కంటే చవగ్గా దొరుకుతోంది. అయితే ఇది శాశ్వతం కాదు. కొత్త స్టాక్ వచ్చేకొద్దీ రేటూ పెరుగుతుంది.

కాలం చెల్లిన విండోస్ 10

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. కార్పొరేట్ ఆఫీసుల్లో వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీలు సెకండ్ హ్యాండ్‌లో ఊరించే ధరకు వస్తున్నాయి. అసలు మెలిక ఇక్కడే ఉంది. వాటిలో 6వ, 7వ జనరేషన్‌వీ ఉంటాయి. ఐ5 అనే స్టిక్కర్ చూసి మురిసిపోతే చాలదు, ఎన్నో జనరేషనో అడగాల్సిందే.

ప్రభుత్వం ఏమంటోంది?

2023 ఆగస్టు 3న కేంద్రం ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు, ఆల్ ఇన్ వన్‌లతో పాటు అల్ట్రా స్మాల్ ఫామ్ ఫ్యాక్టర్ కంప్యూటర్లను, అంటే ఈ బుల్లి డెస్క్‌టాప్‌లను కూడా దిగుమతి ఆంక్షల జాబితాలో పెట్టింది. విమర్శలు రావడంతో అమలు వాయిదా వేసి, ఆ తర్వాత ఆన్‌లైన్ అనుమతుల విధానం తెచ్చింది. ఆ ఉత్తర్వు పూర్తి కంప్యూటర్లకే తప్ప మదర్‌బోర్డు, ర్యామ్ లాంటి విడిభాగాలకు కాదు. అంటే విధానపరంగా చూస్తే అసెంబుల్డ్ దారి ఇంకా తెరిచే ఉంది. దాన్ని ఇరుకు చేసింది మార్కెట్టే.

కరెంటు లెక్క ఇదీ

ఆఫీసు పనికి వాడే చాలా మినీ పీసీలు 65 వాట్ల అడాప్టర్‌తో నడుస్తాయి. పెద్ద క్యాబినెట్ సిస్టమ్ కంటే సగటున 40 వాట్లు తక్కువ వాడుతుందనుకుంటే, రోజుకు 8 గంటల చొప్పున 300 రోజులకు 96 యూనిట్లు మిగులుతాయి. ఇంట్లో ఒక్క సిస్టమ్‌కు ఇది పెద్ద మొత్తం కాదు. పది సిస్టమ్‌లున్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు మాత్రం ఏడాదికి 960 యూనిట్లు. పైగా అదే యూపీఎస్‌పై మినీ ఎక్కువసేపు నిలుస్తుంది. గాలివానకు కరెంటు పోయే తీరప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

పాడైతే పరిస్థితి ఏంటి?

అసెంబుల్డ్ సిస్టమ్ అసలు బలం ఇదే. ఎస్ఎంపీఎస్ పోతే తెనాలిలోనో గుంటూరులోనో కొత్తది కొని గంటలో బిగించుకోవచ్చు. మిగతా భాగాలు అలాగే ఉంటాయి. మినీలో మదర్‌బోర్డు ఆ మోడల్‌కే పరిమితం. అది పోతే చాలాసార్లు కంపెనీ సర్వీస్‌పైనే ఆధారపడాల్సి రావచ్చు. ఇంటికే వచ్చి బాగుచేసే సర్వీస్ రేపల్లె పిన్‌కోడ్‌కు వర్తిస్తుందా లేదా అన్నది కొనకముందే తేల్చుకోవాలి. మరోవైపు అసెంబుల్డ్‌కు ఒక్కో భాగానికి ఒక్కో వారంటీ. బిల్లులన్నీ జాగ్రత్త చేయకపోతే ఆ వారంటీలు కాగితానికే పరిమితం. జీఎస్టీ రెండింటికీ 18 శాతమే కాబట్టి బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. పోయేది వారంటీనే.

ఎవరికి ఏది బెటర్?

బిల్లింగ్, టాలీ, ఆన్‌లైన్ క్లాసులు, కోడింగ్ నేర్చుకోవడం.. వీటికి మినీ పీసీ చాలు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోకు, గేమింగ్‌కు, సొంత గ్రాఫిక్స్ కార్డు కావాల్సిన వాళ్లకు అసెంబుల్డ్ తప్పదు. చాలా మినీల్లో పెద్ద గ్రాఫిక్స్ కార్డుకు చోటే ఉండదు. మధ్యలో ఉన్నవాళ్లకు ఒక ఉపాయం ఉంది. మంచి మదర్‌బోర్డు, ప్రాసెసర్‌తో ఇప్పుడు 8 జీబీ ఒక్క స్టిక్ వేసుకుని, రెండో స్లాట్ ఖాళీగా ఉంచి, ధరలు దిగాక నింపుకోవడం. స్పీడ్ కొంత తగ్గినా జేబుకు ఊరట.

మినీలోనూ ఇదే సూత్రం పాటించాలి. ర్యామ్ స్లాట్లున్న మోడల్‌నే చూడాలి. కొన్నింటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. 2024లో 59,900 రూపాయల ధరతో వచ్చిన యాపిల్ ఎం4 మ్యాక్ మినీ కూడా అలాంటిదే. దానికి 16 జీబీ ఉంది కాబట్టి ఫర్వాలేదు. 8 జీబీతో అతికించేసిన చవక మినీ కొంటే మాత్రం, నాలుగేళ్ల బీటెక్ పూర్తవకముందే మళ్లీ కొత్తది కొనాల్సి రావచ్చు.

మొత్తంగా చెప్పాలంటే, ఏది చవక అన్న ప్రశ్నకు ఈ రోజు ఉన్న జవాబు వచ్చే నెల ఉండకపోవచ్చు. అందుకే ఒకే రోజు రెండు కొటేషన్లూ రాయించుకోవాలి. రెండింటిలోనూ ర్యామ్, ఎస్ఎస్‌డీ, విండోస్ లైసెన్స్, వారంటీ కాలం కలిపి పోల్చాలి. చాలా అసెంబుల్డ్ కొటేషన్లలో విండోస్ ధర కనిపించదు. అది కూడా కలిపాకే అసలు తేడా ఎంతో బయటపడుతుంది.