నింద అమ్మ మీద, పాఠం పుస్తకంలో

పెళ్లయి ఏడాది తిరగకముందే "ఏమైనా విశేషమా?" అని అడుగుతారు. ఆడపిల్ల పుడితే కోడలి వైపు చూస్తారు. కడుపు పోతే "మెట్లెక్కి ఉంటుంది, బరువెత్తి ఉంటుంది" అంటారు. బిడ్డ పెదవి చీలి పుడితే "గ్రహణం నాడు బయటికి వచ్చావా?" అని ఆరా తీస్తారు. అసలు పిల్లలే పుట్టకపోతే ఆ ఇంటి కోడలికి పెట్టే పేరు ఇక్కడ రాయడానికి కూడా మనసు రాదు. ఈ మాటలన్నిటికీ ఒకటే పోలిక ఉంది. తప్పు ఎవరిదో ముందే తేల్చేసి ఆ తర్వాత మాట్లాడతారు.

మన పెద్దలు బళ్ళారికి, కోలారుకు, హోసూరుకు, బరంపురానికి, షోలాపూర్‌కు చేరి తరాలు గడిచాయి. ఊరు మారింది, బడి భాష మారింది. ఈ మాటలు మాత్రం మూటలో వచ్చిన సామానులాగా మనతోనే ఉన్నాయి. ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్లే ఇళ్లలో కూడా వినబడుతున్నాయి.

ప్రియమైన యువతీ యువకులారా, మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ నిందల్లో ఏ ఒక్కటీ శరీరధర్మం ముందు నిలబడదు. బిడ్డ ఎలా కడుపున పడుతుందో, మొదటి వారాల్లో ఎలా రూపు కడుతుందో అబ్బాయిలకూ అమ్మాయిలకూ తెలుగులో, మన సంఘాల్లోనే చెప్పాలి. ఇది ఆరోగ్య పాఠమే కాదు, న్యాయానికి సంబంధించిన పని కూడా.

"బడిలో చెబుతున్నారు కదా" అనవచ్చు. నిజమే, పదో తరగతి సైన్సు పుస్తకంలో ఈ పాఠం ఉంది. కానీ మన పిల్లలు దాన్ని కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో చదువుతారు. యానాంలో చుట్టూ తెలుగే వినబడినా ఇంగ్లీషు మీడియం పిల్లల సంగతి ఇంతే. ఇంట్లో అమ్మ, నాయనమ్మ మాట్లాడేది తెలుగు. పరీక్షలో నూటికి తొంభై తెచ్చుకున్న అమ్మాయికి కూడా ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి మాటలు దొరకవు. పాఠం పుస్తకంలో ఉండిపోతుంది, నింద ఇంట్లో ఉండిపోతుంది. మూడు తరాలూ ఒకచోట కూర్చుని తెలుగు వినే స్థలం ఈ ఊళ్లలో మన సంఘమే. అందుకే ఈ మాట సంఘంలో చెప్పాలంటున్నాం.

మొదటి నుంచి చూద్దాం. స్త్రీ అండాశయం నుంచి సాధారణంగా నెలకు ఒక అండం విడుదలవుతుంది. అది బతికేది ఒక్క రోజు లోపే. పురుషుడి వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలవు. ఈ రెండూ కలిసేది గర్భసంచిలో కాదు, అండాన్ని గర్భసంచికి చేర్చే సన్నని గొట్టంలో. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 క్రోమోజోములు చేరి 46 అవుతాయి. అక్కడ మొదలవుతుంది కొత్త కణం.

మగా, ఆడా అన్నది కూడా ఆ క్షణంలోనే తేలిపోతుంది. తల్లి అండం ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమునే ఇస్తుంది. తండ్రి వీర్యకణాల్లో కొన్ని ఎక్స్‌ను, కొన్ని వైను మోస్తాయి. ఎక్స్ చేరితే అమ్మాయి, వై చేరితే అబ్బాయి. అమెరికా శాస్త్రవేత్త నెట్టీ స్టీవెన్స్ పురుగుల కణాలను పరిశీలించి ఈ రహస్యాన్ని 1905లోనే బయటపెట్టింది. వందేళ్లు దాటినా "వరసగా ఆడపిల్లల్నే కన్నది" అనే మాట పోలేదు. అలాగని తండ్రిని నిందించమని కాదు. ఏ కణం ముందు చేరుతుందో ఆయన చేతిలోనూ లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఆడపిల్ల పుట్టడం తప్పే కాదు. గర్భంలోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చింది. అయినా 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో ఆరేళ్ల వరకు వయసున్న పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 920 మంది ఆడపిల్లలు కూడా లేరు. ఆ లోటులో మనం ఊరికే అనేసే మాటలకూ వాటా ఉంది.

పిల్లలు కలగని జంటల సంగతి చూడండి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. ఇలాంటి జంటల్లో దాదాపు సగం మందిలో కారణం పూర్తిగానో కొంతగానో మగవాడి వైపు ఉంటుంది. వీర్యపరీక్ష చాలా తేలిక, కోత లేదు, సూది లేదు. అయినా మన ఇళ్లలో ముందు ఆసుపత్రుల చుట్టూ తిరిగేది భార్యే. ఏళ్ల తరబడి స్కానింగులు, ఇంజెక్షన్లు, ఉపవాస ప్రార్థనలు ఆమెకే. భర్త ఒక్క పరీక్షకు వెళ్లడానికి పరువు అడ్డం వస్తుంది. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి వెళ్లాలి, ఇద్దరికీ పరీక్ష జరగాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లడం మంచిది.

కడుపు పోవడం గురించి కూడా నిజం చెప్పుకోవాలి. నెల తప్పిందని తెలిసిన గర్భాల్లో సుమారు 10 నుంచి 20 శాతం నిలవవు. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సగం దాకా క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే పోతాయి. ఆ పొరపాటు ఎక్కువగా అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడో, అవి కలిసే వేళో జరిగిపోతుంది. మెట్లెక్కడం, బిందె ఎత్తడం, వంటింట్లో నిలబడడం దానికి కారణం కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి దుఃఖం చాలు, దానిమీద నేరం కూడా మోపకండి.

ఇక మొదటి వారాలు. కలిసిన కణం విడిపోతూ, పెరుగుతూ వారం రోజులకు గర్భసంచి గోడకు అతుక్కుంటుంది. మూడు వారాలు దాటగానే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. మెదడుగా, వెన్నుపాముగా మారాల్సిన నాళం 28వ రోజుకల్లా మూసుకోవాలి. ఎనిమిది వారాలు పూర్తయ్యేసరికి ముఖ్యమైన అవయవాలన్నిటికీ పునాది పడుతుంది. ఇక్కడ లెక్క గమనించండి. ఆ 28వ రోజుకు తల్లికి నెల తప్పి రెండు వారాలే అయి ఉంటుంది. గర్భమని అప్పుడప్పుడే అనుమానం వస్తుంది, ఆసుపత్రిలో పేరు కూడా రాయించుకుని ఉండదు.

ఆ నాళం సరిగా మూసుకోకపోతే బిడ్డకు వెన్నెముక తెరుచుకుని ఉండడం వంటి లోపాలు వస్తాయి. వాటిలో చాలావాటిని ఫోలిక్ యాసిడ్ ఆపగలదు. అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందునుంచే దాన్ని తీసుకుంటే ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ పరిశోధన చూపింది. ఈ మందు కథ మనకు దూరమైనదేమీ కాదు. 1928లో బొంబాయికి వచ్చిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్, గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని కనిపెట్టింది. ఆ సారంలో పనిచేసింది ఫోలిక్ యాసిడ్ జాతి విటమినే అని తర్వాత తేలింది. 1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవాడు, భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఫలం మన ఆడపిల్లలకే సమయానికి అందడం లేదు.

గర్భం కోసం చూస్తున్నవారు కనీసం ఒక నెల ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి. మధుమేహం ఉన్నవారు, మూర్ఛకు మందులు వాడేవారు, ముందు కాన్పులో ఇలాంటి లోపం చూసినవారు ఎంత మోతాదు వేసుకోవాలో డాక్టరునే అడగాలి. బడుల్లో వారానికి ఒకసారి ఇచ్చే నీలం మాత్రలో ఇనుముతో పాటు ఇది కూడా ఉంది. వికారమని పారేయకండి, అన్నం తిన్నాక వేసుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అందరూ తిన్నాక మిగిలినది తినే అమ్మాయిని పెళ్లయిన మర్నాటి నుంచి ఆరోగ్యవంతురాలైన తల్లి కావాలంటే ఎలా అవుతుంది?

పెదవి చీలి పుట్టడాన్ని మన భాషలో "గ్రహణం మొర్రి" అంటాం. మాటలోనే నేరారోపణ ఉంది. పై పెదవి కలిసేది నాలుగు, ఏడు వారాల మధ్య. అది కలవకపోవడానికి వంశపారంపర్యం, పొగాకు, కొన్ని మందులు వంటివి కారణం కావచ్చు గానీ సూర్యచంద్రుల నీడ కాదు. శస్త్రచికిత్సతో దాన్ని సరిచేయవచ్చు కూడా. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వాడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదని యేసు చెప్పిన సంగతి యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. అది చదివే ఇంట్లో గ్రహణం లెక్క ఎందుకు?

"పరిశుద్ధ స్థలంలో ఇలాంటి మాటలా? పిల్లలు చెడిపోరూ?" అని పెద్దలు భయపడవచ్చు. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే ఇలాంటి పాఠాలు పిల్లల్ని తొందరపెట్టవని అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించి యునెస్కో 2018లో చెప్పింది. మనం చెప్పకపోతే వారికి ఫోన్ చెబుతుంది. అది ఏం చెబుతుందో మనకందరికీ తెలుసు.

కాబట్టి మా విన్నపాలు నాలుగు. పెళ్లికి ముందు పాస్టరు గారు చేసే కౌన్సెలింగ్‌లో ఒక గంట తెలుగు వచ్చిన డాక్టరుకో నర్సుకో ఇవ్వండి. మన సంఘాల్లో నర్సులకు కొదవలేదు. ఆ గంటలో వధూవరులతో పాటు అత్తగార్లను, మామగార్లను కూడా కూర్చోబెట్టండి. యువజన కూటాల్లో ఈ పాఠం అబ్బాయిలకు తప్పక చెప్పండి, రేపటి భర్తలు వాళ్లే. పిల్లలు లేని దంపతుల కోసం ప్రార్థించేటప్పుడు భార్య పేరొక్కటే ఎత్తకండి, ఇద్దరి పేర్లూ చెప్పండి, ఇద్దరినీ ఆసుపత్రికి పంపండి.

ఇక యువతీ యువకులకు ఒక మాట. మీరు పరభాషలో చదివిన ఆ పాఠాన్ని ఈ వారం ఇంట్లో అమ్మకు, నాయనమ్మకు తెలుగులో చెప్పి చూడండి. మాటలు తడబడినా ఫరవాలేదు. ఎన్నో ఏళ్లుగా తనది కాని తప్పును మోస్తున్న ఒక మనిషి బహుశా మీ ఇంట్లోనే ఉండి ఉంటుంది.