మూడేళ్ల రాజధాని, మూడు సెంట్ల స్థలం

మా టీమ్‌లో ఒక ఢిల్లీ అబ్బాయి ఉన్నాడు. లంచ్‌లో ఎప్పుడూ ఎర్రకోట, చాందినీ చౌక్ కబుర్లే. మొన్న నాకూ రోషం వచ్చింది. "మాదీ ఒకప్పుడు రాజధానే" అన్నా. గూగుల్‌లో వెతికి "ఎన్నేళ్లు?" అని అడిగాడు. 37 నెలలు అని చెబితే నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? నా మొదటి కంపెనీలో నేనే నాలుగేళ్లు చేశా!

మాది డోన్. పాతోళ్లు ఇప్పటికీ ద్రోణాచలం అనే అంటారు. సినిమాకైనా, పెళ్లి బట్టలకైనా, పెద్దాసుపత్రికైనా మాకు కర్నూలే. పోయిన ఆదివారం నాయన, నేను పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని కర్నూలు బస్సెక్కాం. ఈసారి పని వేరు. స్థలం అమ్మాలి.

కథ చెప్తా. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లు అసెంబ్లీలో పాసైంది. కర్నూలు న్యాయ రాజధాని అన్నారు. మా వాట్సాప్ గ్రూపులన్నీ వెంచర్ల బ్రోచర్లతో నిండిపోయాయి. నాయన అప్పటికే రిటైరయ్యాడు. "ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేం" అని ఆయన వెంటపడింది నేనే. ఆయన డబ్బు ఐదు లక్షలు, నా పర్సనల్ లోన్ నాలుగు లక్షలు కలిపి ఊరి బయట మూడు సెంట్లు కొన్నాం. 2021 నవంబర్‌లో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈఎంఐ మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు చెల్లి పెళ్లి కుదిరింది. స్థలానికి వచ్చిన బేరం ఆరున్నర లక్షలు.

బేరగాడు సాయంత్రం రమ్మన్నాడు. టైమ్ ఉందని ఊరు చూద్దామన్నా. నాయన నన్ను వింతగా చూశాడు. కర్నూలుకు పని మీద వచ్చేవాళ్లమే గానీ, చూడ్డానికి ఎప్పుడొచ్చాం?

ముందు కొండారెడ్డి బురుజు. 'ఒక్కడు'లో మహేష్ బాబు ప్రకాష్ రాజ్‌ను కొట్టిన చోటు అంటే మీకు టక్కున గుర్తొస్తుంది. నిజానికి ఇది విజయనగర కాలం నాటి కోటలో మిగిలిన ముక్క. ఆ కోట అచ్యుత దేవరాయలు కట్టించిందని చెప్తారు. ఆ తర్వాత ఊరు నవాబుల చేతికొచ్చింది. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో ఇంగ్లీషోళ్లు పట్టుకుపోయారు. హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఇంకా పాతది, 17వ శతాబ్దపుది. గుమ్మటాలు చూస్తే బీజాపూర్ గుర్తొస్తుంది. ఫోటోలకు బాగుంటుంది, జనం తక్కువ.

నది ఒడ్డున కూర్చున్నాక నాయన ఊరి పేరు కథ చెప్పాడు. అలంపురం గుడికి రాళ్లు మోసుకెళ్లే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన పూసుకునేవట. అట్లా కందెనవోలు, కందనవోలు, కర్నూలు. అంటే ఈ ఊరు మొదట్నుంచీ మజిలీయే. బండ్లు ఆగుతాయి, పోతాయి.

రాజధాని కూడా అంతే. 1937లో మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో ఒప్పందం జరిగింది. రాజధాని, హైకోర్టు రెండింట్లో ఏది కావాలో రాయలసీమే కోరుకోవచ్చన్నారు. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచాక ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1953 అక్టోబర్ 1న కర్నూల్లో నెహ్రూ ప్రారంభించారు. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. హైకోర్టు గుంటూరుకు పోయింది. ఇక్కడ కట్టడాలు చాలక ఆఫీసులు, ఉద్యోగులు గుడారాల్లో ఉన్నారు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే రాజధాని హైదరాబాద్‌కు తరలిపోయింది.

ఇదంతా నేను ఫోన్‌లో చూసి చదువుతుంటే నాయన నవ్వాడు. "మన ఇంట్లో రాజధానిని నమ్ముకున్నోళ్లలో నువ్వు మొదటోడివేం కాదులేరా."

మా జేజినాయన తమ్ముడు ఆ గుడారాల దగ్గర టిఫిన్ అంగడి పెట్టినాడంట. గుమాస్తాలంతా నెలవారీ ఖాతా. 1956లో ఒక్కొక్కరే హైదరాబాద్ పోయారు. కొందరు బాకీ తీర్చకుండానే పోయారు.

"మరి అంగడి మూసేసినాడా?"

"యాడ మూసె? లారీలోళ్లకు పెట్టినాడు. ఆకలి రాజధానోళ్లకే ఉంటాదా?"

ఇదెప్పుడూ చెప్పలేదేం అంటే, "నువ్వెప్పుడు అడిగితివి?" అన్నాడు. నాలుగేళ్లుగా మా మధ్య ఆ స్థలం మాట రాకుండా నేనే తప్పించుకు తిరిగా. ఆయన తిడతాడని నా భయం. ఆ రోజు కూడా తిట్టలేదు.

సాయంత్రం బేరం ఆరు లక్షల డెబ్బై వేలకు తెగింది. అడ్వాన్స్ తీసుకున్నాం. నష్టం నాది, లోన్ నేనే కడతానన్నా. "పెండ్లి ఖర్చులో మాట్లాడుకుందాంలే" అన్నాడు నాయన.

ఒక మాట చెప్తా. రాజధాని వస్తుందని విని స్థలం కొనకండి. అక్కడ ఇల్లు కట్టుకుని ఉంటామనుకుంటే కొనండి. కర్నూలుకు మాత్రం ఒకసారి రండి. బురుజు, సమాధి, కేసీ కెనాల్ ఒక పూటలో చూడొచ్చు. నది దాటితే తెలంగాణలో అలంపురం నవబ్రహ్మ ఆలయాలు, ఇటు ఓర్వకల్లు రాక్ గార్డెన్ ఉన్నాయి. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. గూగుల్‌లో లేనివి వాళ్ల దగ్గరుంటాయి.

ఢిల్లీ అబ్బాయిని చెల్లి పెళ్లికి పిలిచా. ముందురోజే వస్తానన్నాడు, బురుజు చూడ్డానికి.