రైతు పేరు చెప్పి కూలి పని ఆపొద్దు

‘ఉపాధి పనులు వచ్చాక కూలీలు దొరకడం లేదు’ అన్న మాట నాట్లప్పుడు, పత్తి తీసేటప్పుడు మన ఊళ్లలో వినిపిస్తూనే ఉంటుంది. మన సంఘం సమావేశాల్లోనూ వినిపించింది. మనలో కొందరం అన్నాం కూడా. ఇప్పుడు ఆ మాటే చట్టంలోకి ఎక్కింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త గ్రామీణ ఉపాధి చట్టం ప్రకారం విత్తే రోజులు, కోతల రోజులు కలిపి ఏడాదికి 60 రోజులు ఉపాధి పనులు పెట్టకూడదు. ఆ సమయంలో వ్యవసాయానికి కూలీలు దొరకాలన్నది ప్రభుత్వం చెబుతున్న కారణం. మన పేరు చెప్పి తెచ్చిన నిబంధన కాబట్టి దీని మీద మన మాట మనమే చెప్పాలి.

ఈ పథకం ఎక్కడ మొదలైందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దీన్ని ప్రారంభించారు. వానలు మొహం చాటేసి, వేరుశనగ చేతికి రాక, జనం బెంగళూరుకు వలస పోతున్న జిల్లా అది. వలస పోయిన వాళ్లలో కూలీలతో పాటు భూమి ఉన్న రైతులూ ఉన్నారు. మన ఊళ్లలో దీన్ని ఇప్పటికీ ‘కరువు పని’ అనే పిలుస్తారు. ఎకరం, రెండెకరాల రైతుకు, కౌలు రైతుకు కూడా జాబ్ కార్డు ఉంది. పంట పోయిన ఏడు ఎండాకాలంలో ఆ ఇంటికి ఉప్పు, పప్పు వచ్చింది ఈ పని డబ్బులతోనే. కూలి వేరు, రైతు వేరు అని గీత గీసేవాళ్లు మన ఊరి మస్టరు ఒకసారి చదవాలి.

ఉపాధి పని వల్ల నిజంగానే మన పొలాలకు కూలీలు కరువయ్యారా? మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ పనుల్లో ఎక్కువ భాగం ఏప్రిల్ నుంచి జూన్ దాకా జరుగుతాయి. వానలు పడి దుక్కులు మొదలయ్యాక పనికి వచ్చేవాళ్లు బాగా తగ్గిపోతారు. పాత చట్టంలో ఇంటికి 100 రోజులని రాశారు. దేశం మొత్తం మీద సగటున ఒక్కో కుటుంబానికి అందింది 50 రోజుల దగ్గరే. ఇక కూలి సంగతి చూద్దాం. 2025-26లో మన రాష్ట్రాల్లో రోజు రేటు 307 రూపాయలు. అది కూడా కొలతల ప్రకారం పని పూర్తయితేనే. రాతి నేలలో గడ్డపార దిగకపోతే చేతికి వచ్చేది అంతకన్నా తక్కువ. సీజనులో చాలాచోట్ల పొలం పనికి అంతకంటే ఎక్కువే ఇస్తున్నాం. ఎక్కువ కూలి వచ్చే పని వదిలేసి, ఎప్పుడు పడతాయో తెలియని డబ్బుల కోసం ఎవరు వెళ్తారు?

ఇంకో సంగతి కూడా మనకు తెలుసు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, తెలంగాణ ఆయకట్టులో వరిని ఇప్పుడు యంత్రాలే కోస్తున్నాయి. కొడవలి పట్టిన ఆడవాళ్లకు ఆ రోజుల్లో పొలంలో పని లేదు. ‘కోతల సీజను’ అని చెప్పి ఉపాధి పని కూడా ఆపేస్తే వాళ్లు ఎక్కడికి పోవాలి? ఈ పనికి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. పొలంలో మగవాళ్లకో కూలి, ఆడవాళ్లకో కూలి ఇస్తున్న మన దగ్గర, ఇద్దరికీ ఒకే రేటు ఉన్న పని ఇది.

ప్రాంతాన్ని బట్టి వేరువేరు తేదీలు పెట్టుకోవచ్చని చట్టంలో ఉంది. కానీ ఒకే ఊళ్లో కాలువ కింద వరి, మెట్ట మీద పత్తి, బోరు కింద మిర్చి ఉంటాయి. నాట్లు ఒక నెలలో, పత్తి తీత ఇంకో నెలలో, మిరప కోత మరో నెలలో వస్తాయి. అందరికీ సరిపోయే 60 రోజులు ఆఫీసులో కూర్చుని ఎవరు తేల్చగలరు? మిరప కోతలకు కర్నూలు పడమటి ఊళ్ల నుంచి గుంటూరుకు ఇళ్లకు తాళాలేసి వస్తున్నారు. సొంత ఊళ్లో పని లేకనే కదా ఆ ప్రయాణం! ఉన్న కొద్ది పనీ ఆపితే ఇంకొందరు వలస పోతారు. పోయినవాళ్లు మన నాట్లకు తిరిగి వస్తారన్న నమ్మకం లేదు.

పని దొరికిన చోట కష్టాలు తక్కువేం కాదు. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని గుట్ట దగ్గర ఫొటో ఎక్కకపోతే మట్టి మోసిన మనిషి హాజరు పోతుంది. 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారంగానే చెల్లింపులన్నారు. పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా డబ్బులు ఆగుతున్నాయి, మండల ఆఫీసు చుట్టూ తిరగడంతో ఇంకో రోజు కూలి పోతోంది. మన రాష్ట్రాల్లో ఎండల్లో కొలతలకు కలిపి ఇచ్చే అదనపు శాతం కేంద్రం సాఫ్ట్‌వేరుకు మారాక పోయింది. దొంగ మస్టర్లు ఆపాలంటే సామాజిక తనిఖీ ఉంది, గ్రామసభ ఉంది. వాటిని బలపరచకుండా భారమంతా తట్ట మోసేవాళ్ల మీద వేశారు.

కొత్త చట్టంలో పని దినాలు 125కు పెంచామని చెబుతున్నారు. మంచిదే. అయితే పాత చట్టంలో కూలి డబ్బు పూర్తిగా కేంద్రమే ఇచ్చేది. ఇప్పుడు ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. కేంద్రం ముందే కేటాయించిన మొత్తం దాటితే ఆ పైదంతా రాష్ట్రమే భరించాలి. బిల్లులు చెల్లించలేని రాష్ట్రం పని అడిగినవాళ్ల దరఖాస్తు తీసుకోకుండా తిప్పి పంపే ప్రమాదం ఉంది. 125 రోజులు కాగితం మీదే మిగిలిపోకుండా చూడాల్సింది మనం.

మన ఇబ్బంది కూడా దాచుకోనక్కర్లేదు. కూలి ఖర్చు పెరిగింది, పంట ధర పెరగలేదు. ఎరువులు, డీజిలు, కౌలు, వడ్డీ అన్నీ పోగా కూలి ఇవ్వడానికి మన చేతిలో మిగలడం లేదు. సమగ్ర సాగు ఖర్చుకు 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలన్నది స్వామినాథన్ సిఫార్సు. అది అమలైతే కూలి దగ్గర మనం బేరమాడే పరిస్థితి రాదు. ధర ఇవ్వాల్సిన ప్రభుత్వం ఆ పని చేయకుండా, కూలీల పని ఆపి మనకు ఉపకారం చేశామంటోంది. మన బాకీ కూలీల చేత కట్టించడం ఇది. ఇలాంటి ఉపకారం మనకొద్దు.

అందుకే మన సంఘం తరఫున ఇవి అడుగుదాం. 60 రోజుల నిలుపుదల నిబంధన రద్దు చేయాలి. అప్పటిదాకా ఏ పని ఎప్పుడు పెట్టాలో రైతులు, కూలీలు కూర్చునే గ్రామసభకే వదిలేయాలి. కూలి 15 రోజుల్లో పడాలి, ఆలస్యమైతే పరిహారం అడగకుండానే కలవాలి. సిగ్నల్ లేనిచోట కాగితం మస్టరు చెల్లాలి. చిన్న, సన్నకారు రైతుల పొలాల్లో గట్లు, పంట కుంటలు, పండ్ల తోటల పనులు పెంచాలి. వాటి వల్ల వాళ్లకు కూలి, మనకు నీళ్లు.

ఏ రోజుల్లో పని ఆపాలో రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ప్రకటించాలని చట్టం చెబుతోంది. ఆ ప్రకటన మన ఊరికి వచ్చేలోపే ప్రతి గ్రామశాఖ గ్రామసభలో తీర్మానం పెట్టించాలి. వ్యవసాయ కార్మిక సంఘం వాళ్లను మనమే వెళ్లి పిలవాలి. ‘రైతులే అడిగారు’ అని రేపు ఎవరైనా అంటే, అడగలేదని చూపించే కాగితం మన చేతిలో ఉండాలి.