బస్తర్ వజ్రాలు: గ్రామసభ మాటకు విలువెంత?

బీజాపూర్ జిల్లాలో భోపాలపట్నం దారిన ఉన్న మద్దేడ్‌లో నేడు వజ్రాల గని లేదు. అయితే బస్తర్ భూగర్భంపై ఆసక్తి కొత్తదేమీ కాదు. జగదల్‌పూర్ సమీపాన తోకపాల్ వద్ద వజ్రాల మాతృశిలగా పేరున్న కింబర్లైట్ ఉన్నట్లు భూగర్భ శాస్త్రవేత్తలు గుర్తించారు. అదే రాష్ట్రంలోని గరియాబంద్ జిల్లా బెహ్రాదీన్, పాయలిఖండ్ వజ్ర నిక్షేపాలు ఏళ్ల తరబడి న్యాయవివాదంలో చిక్కుకున్నాయి.

గని అంటే ఏమిటో తెలియాలంటే మధ్యప్రదేశ్‌లోని పన్నా వైపు చూడాలి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఎన్‌ఎండీసీ అక్కడి మఝ్‌గవాన్‌లో దేశంలోని ఏకైక యాంత్రీకృత వజ్రాల గనిని నడుపుతోంది. అక్కడ సుమారు 100 టన్నుల రాయి తవ్వితే దక్కేది 10 క్యారెట్లు, అంటే 2 గ్రాములు! మిగిలినదంతా వ్యర్థమే. మెట్లుమెట్లుగా లోతుకు దిగే గుంత, పక్కన పెరిగే వ్యర్థాల దిబ్బలు, నిత్యం తోడిపోయవలసిన ఊటనీరు ఉపరితల గనికి తప్పవు. అభయారణ్యంలో ఉన్న ఆ గని 2020 చివర అనుమతుల గడువు ముగియడంతో ఆగిపోయి, 2024లో గానీ తిరిగి మొదలు కాలేదు. ప్రభుత్వరంగ సంస్థకే అడవి అంత అడ్డు వచ్చింది.

2023 నాటి గనుల చట్ట సవరణ వజ్రం సహా 29 ఖనిజాలకు వేలం ద్వారా అన్వేషణ లైసెన్సులు ఇచ్చే వీలు కల్పించింది. ప్రైవేటు సంస్థలకు తలుపు తెరుచుకుంది. ఇక్కడే చిక్కంతా ఉంది. అయిదో షెడ్యూలు ప్రాంతమైన బీజాపూర్‌కు 1996 నాటి పెసా చట్టం వర్తిస్తుంది. అది ఇసుక, కంకర వంటి చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి చేసింది. వజ్రం ప్రధాన ఖనిజం కనుక ఆ నిబంధన పరిధిలోకి రాదు. వాగులో ఇసుకపై అడగవలసిన ఊరిని, కొండనే తవ్వే గనిపై అడగనక్కరలేదన్నమాట!

మిగిలిన ఆధారం 2006 నాటి అటవీ హక్కుల చట్టం. దాని బలంతోనే 2013లో సుప్రీంకోర్టు ఒడిశాలోని నియమగిరి బాక్సైట్ వ్యవహారాన్ని గ్రామసభల ముందుంచగా, అవి తిరస్కరించాయి. కానీ 2022 అటవీ సంరక్షణ నియమాలు కేంద్రం తుది అనుమతికి ముందే ఆ హక్కుల పరిష్కారం జరగాలన్న షరతును సడలించి, బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించాయి. అనుమతి ఢిల్లీలో ఖరారయ్యాక గ్రామసభ పెడితే, అక్కడ కాదనే ధైర్యం ఎందరికి ఉంటుంది? గోండి, దోర్లీ, తెలుగు మాట్లాడే ఈ పల్లెల్లో కాగితం ఏ భాషలో చదివి వినిపిస్తారన్నది మరో ప్రశ్న.