వెయ్యి రూపాయల విశ్రాంత జీవితం

నిజామాబాద్ జిల్లాలో విశ్రాంత జీవుల కాలనీ అనదగ్గది ఏదైనా ఉంటే అది బోధన్‌లోని శక్కర్‌నగర్. దాన్ని ఏ బిల్డరూ బ్రోచర్ అచ్చేసి అమ్మలేదు. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. మంజీరా మీద కట్టిన నిజాంసాగర్ నీళ్లతో చెరకు పండింది. ఆ చెరకును ఆడించే కార్మికుల కోసం ఫ్యాక్టరీ పక్కనే క్వార్టర్లు, బడి, దవాఖానా, ఆటస్థలం వెలిశాయి. ఇక్కడ పనిచేసినవాళ్లు ఇక్కడే ముసలివాళ్లయ్యారు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్ 23న లేఆఫ్ ప్రకటించారు. అప్పటికి రిటైరైనవాళ్లతో పాటు, రిటైర్మెంట్ వయసు రాకముందే పని పోయినవాళ్లకూ ఈ వాడే మిగిలింది. ఇక్కడి వృద్ధులకు కాలక్షేపానికి కొదవ లేదు, కరువంతా చేతి ఖర్చుకే. దానికి కారణం ఒకే ఒక్క అంకె: ఉద్యోగుల పింఛను పథకం, అంటే ఈపీఎస్-95 కింద ఇచ్చే కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. 2014 సెప్టెంబర్ 1 నుంచి అమలైన ఆ మొత్తం పదేళ్లు దాటినా కదల్లేదు.

వృద్ధుల జీవనం మీద కొన్నేళ్లుగా సాగుతున్న చర్చలో ఈ అంకె ఊసే ఉండదు. కేంద్ర గృహ నిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్స్‌కు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. నీతి ఆయోగ్ 2024 ఫిబ్రవరిలో వృద్ధుల సంరక్షణ సంస్కరణల మీద నివేదిక తెచ్చింది. వాటి వెనకే పత్రికల్లో వ్యాసాల వరద. జారని నేల, పట్టుకోవడానికి కడ్డీలు, యోగా గది, లైబ్రరీ, వారాంతపు పాటల పోటీ ఉంటే చాలట, ముదిమి హాయిగా గడిచిపోతుందట. చదివితే నిజంగానే బాగుంటాయి. అయితే ఆ వ్యాసాలన్నీ ఇల్లు కొనుక్కుని నెలనెలా నిర్వహణ ఛార్జీలు కట్టగలిగిన వృద్ధుణ్ని ఊహించుకుని రాసినవే. బోధన్‌లో చెరకు బండి తూకం వేసినవాడు, బాయిలర్ దగ్గర నిలబడినవాడు ఆ లెక్కలోకి రారు.

యోగా గది లేదని శక్కర్‌నగర్‌లో పొద్దు ఆగిపోదు. తెల్లవారుజామున కాలనీ రోడ్ల మీద నడక మొదలవుతుంది. నడక అయ్యాక చాయ్, చాయ్ దగ్గర పేపరు. ఒకే పేపరు నలుగురి చేతులు మారుతుంది. తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసిన మాటల్లో చర్చ నడుస్తుంది. ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారా, బకాయిలు వస్తాయా అన్న దగ్గర మొదలై, చక్కెర ధర మీదుగా సాగి, ఎవరి మోకాళ్లకు ఏ డాక్టరు మంచివాడన్న దగ్గర తేలుతుంది. ఎండెక్కేసరికి మగవాళ్లు నీడకు చేరితే ఆడవాళ్ల చేతుల్లోకి బీడీల చాట వస్తుంది. అరవై దాటినా ఆకు కత్తిరించి, తంబాకు పోసి చుడుతూనే ఉంటారు. బీడీ కట్టలకు వచ్చే డబ్బు లేకపోతే చాలా ఇళ్లలో నెల గడవదు. సాయంత్రం గుడి ముందు భజన, మస్జిద్ దగ్గర నమాజ్, అరుగుల మీద పిచ్చాపాటీ. కార్తీకంలో దీపాలు, రంజాన్‌లో ఇఫ్తార్, చలికాలం వస్తే ఒకప్పటి క్రషింగ్ సీజన్ కబుర్లు. యూనియన్ మీటింగ్ ఉన్నరోజు అదే పండగ. లక్షలు పోసి కొనుక్కునే ‘కమ్యూనిటీ లివింగ్’లో నిర్వాహకులు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టి చేయించేవన్నీ ఇక్కడ ఎవరూ చెప్పకుండానే జరిగిపోతాయి.

ఇక్కడ జరగనివల్లా డబ్బుతో ముడిపడినవే. బీపీ మాత్రలు నెలకు సరిపడా కాకుండా పది రోజులకు కొంటారు. కంటి ఆపరేషన్ వచ్చే ఏడాదికి జరుగుతుంది. కిరాణా దుకాణంలో ఉద్దెర రాసి, పింఛను పడ్డాక తీరుస్తారు. నిజామాబాద్ ఖలీల్‌వాడీలో డాక్టరుకు చూపించుకోవాలంటే రానుపోను ఛార్జీ, ఫీజు, పరీక్షలు, మందులు కలిపి ఆ ఒక్క పూటకే కనీస పింఛను చాలదు. మహాలక్ష్మి పథకం పుణ్యాన ఇల్లాలికి బస్సు ఉచితం, పక్కన కూర్చున్న ముసలాయన మాత్రం టికెట్టు కొనాలి. రైలెక్కుదామంటే వృద్ధుల రాయితీని 2020 మార్చిలోనే ఎత్తేశారు.

ఈ 1,000 రూపాయల అంకె ఎలా తయారైందో కూడా చూడాలి. పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి పరిమితి ఉంది. 2001 దాకా అది 5,000 రూపాయలు, తర్వాత 2014 ఆగస్టు దాకా 6,500. చేతికి ఎంత జీతం వచ్చినా మామూలుగా లెక్కలోకి వచ్చేది అంతే. ఈపీఎస్-95 కింద 18 ఏళ్లు చేసి 2013లో రిటైరైన పర్మినెంట్ కార్మికుడికి 6,500 పరిమితి మీద వచ్చేది 1,671 రూపాయలు. అంతకు ముందున్న కుటుంబ పింఛను పథకం నాటి సర్వీసుకు మరికొన్ని వందలు కలుస్తాయి. జీతం 5,000 ఉండి సర్వీసు 15 ఏళ్లే అయితే 1,071. అంతకంటే తక్కువ జీతం మీద చేసిన సీజన్ కార్మికులు, బీడీ కార్మికులు సూత్రం ప్రకారం వందల్లోనే ఆగిపోతారు. వాళ్లందర్నీ పైకి లాగినట్టు చూపించే గీతే ఈ 1,000. దీనికి కరువు భత్యం లేదు. 2014 తర్వాత ధరలు సర్కారు సూచీ ప్రకారమే ఒకటిన్నర రెట్లు దాటాయి. అంటే పెంచకుండా వదిలేసిన 1,000 రూపాయలను ఏటా కొంత కొంతగా కోస్తున్నట్టే లెక్క. కోసినట్టు ఉత్తర్వు ఉండదు కాబట్టి నిరసనా వినిపించదు.

నిజామాబాద్ పట్టణంలో దృశ్యం వేరు. తిలక్ గార్డెన్‌లో పొద్దున్నే నడిచేవాళ్లలో రిటైరైన ఉపాధ్యాయులు, రెవెన్యూ ఉద్యోగులు, బ్యాంకు మేనేజర్లు కనిపిస్తారు. విశ్రాంత ఉద్యోగుల సంఘాలున్నాయి, సమావేశాలున్నాయి, సన్మానాలున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 2016 నుంచి కనీస పింఛను 9,000 రూపాయలు, దానిపైన ఏడాదికి రెండుసార్లు సవరించే కరువు భత్యం. ఎవరి పింఛనూ ఎక్కువని ఇక్కడ వాదన కాదు. బోధన్‌కూ పట్టణానికీ మధ్య దూరం పాతిక కిలోమీటర్లు. రెండుచోట్లా మనుషులు పొద్దున్నే నడుస్తారు, పేపరు చదువుతారు, మనవల గురించి చెప్పుకుంటారు. దినచర్య ఒకటే, దాని కింద ఉన్న ఆధారం ఒకచోట 9,000, ఒకచోట 1,000.

రాష్ట్రం ఇచ్చే ఆసరా, ఇప్పటి చేయూత, పింఛను 2019 నుంచి 2,016 రూపాయలు. దాన్ని 4,000 చేస్తామన్నది 2023 ఎన్నికల హామీ. అది నెరవేరాల్సిందే. కానీ ఒక విచిత్రం గమనించాలి. చందా కట్టనివారికి ఇచ్చే సాయం, ఏళ్ల తరబడి యజమాని వాటా జమైనవారి కనీస పింఛనుకు రెండింతలు. బుద్ధున్న ఏ ప్రభుత్వమూ ఈ తేడా చూసి మొదటిదాన్ని తగ్గించమనదు, రెండోదాన్ని చూసి సిగ్గుపడుతుంది.

పింఛను నిధిలో లోటుందనీ, కనీస మొత్తం పెంచితే నిధి నిలవదనీ ఢిల్లీ నుంచి తరచూ వచ్చే జవాబు. లోటు మాట కొట్టిపారేయదగ్గది కాదు. అయితే ఈ 1,000 కోసం కూడా కేంద్రం బడ్జెట్ నుంచే సాయం అందుతోంది. బడ్జెట్ నుంచి ఇవ్వకూడదన్న సూత్రం 2014లోనే పోయింది. ఇక మిగిలింది ఎంత ఇవ్వాలన్నదే. భగత్‌సింగ్ కోశ్యారీ నాయకత్వంలోని రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2013లోనే 3,000 రూపాయలు ఇవ్వమంది. అడిగింది 3,000, ఇచ్చింది 1,000. ఆ తర్వాత అడగడం మాత్రం ఆగలేదు.

వృద్ధాశ్రమాల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరుపేద వృద్ధులు కనీసం 150 మంది ఉండేలా జిల్లాకు ఒక్కటైనా ఆశ్రమం కట్టవచ్చని దాని 19వ సెక్షన్ చెప్పింది. వైద్యంతో పాటు వినోద సాధనాలూ ఉండాలని కూడా రాసింది. ‘కట్టాలి’ అనలేదు, ‘కట్టవచ్చు’ అంది, ప్రభుత్వాలకు అంత సందు చాలు. ఆశ్రమం కట్టినా శక్కర్‌నగర్ మనుషులు ఇష్టపడి పోయేది కాదు. వాళ్లకు కావలసింది ఉన్నచోట ఉండడానికి వీలు.

నిజాం షుగర్స్ పునరుద్ధరణ మీద 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేశారు. అప్పటి నుంచి చర్చంతా యంత్రాలు, బ్యాంకు బాకీలు, ఎన్ని ఎకరాల్లో చెరకు వేస్తారన్న లెక్కల చుట్టూ తిరుగుతోంది. చెరకు రైతు ముఖ్యుడే, కాదనేవాడు లేడు. కానీ ఆ ఫ్యాక్టరీలో ఒంట్లో సత్తువంతా ధారపోసి, బయట కూలుతున్న క్వార్టర్ల నీడన మిగిలినవాళ్లు బ్యాలెన్స్ షీట్‌లో ఏ వరుసలోకీ రావడం లేదు. వేతన బకాయిల పరిష్కారం, క్వార్టర్ల మీద హక్కు, కాలనీ దవాఖానాలో రోజూ డాక్టరు: పునరుద్ధరణ అనే మాటలో ఈ మూడూ భాగం కాకపోతే, అది ఇనుప సామాను పునరుద్ధరణ మాత్రమే. ఏటా లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలిముద్రలు అరిగిన చేతుల్ని యంత్రం మీద పెట్టి బతికే ఉన్నామని రుజువు చేసుకుంటున్నది వీళ్లే. బతికున్నారని సర్కారుకు తెలియక కాదు, ఏటేటా తెలుస్తూనే ఉంది.

ఆ 2007 చట్టంలోనే ఇంకో సెక్షన్ ఉంది. కన్నవాళ్లను పట్టించుకోని కొడుకునో కూతుర్నో ట్రిబ్యునల్ పిలిపించి, నెలకు 10,000 రూపాయల దాకా పోషణ భత్యం కట్టమని ఆదేశించవచ్చు. కట్టకపోతే నెల రోజుల దాకా జైలు కూడా ఉంది. బోధన్ కార్మికుడి కొడుకు గల్ఫ్‌లో కూలి చేసుకుంటున్నా, హైదరాబాద్‌లో ఆటో నడుపుకుంటున్నా చట్టం వదలదు. ముసలివాళ్లు బతకడానికి 10,000 దాకా అవసరం పడుతుందని పార్లమెంటుకు 2007లోనే తెలుసన్నమాట. ఏడేళ్ల తర్వాత తన వంతుగా అదే కేంద్రం ఖరారు చేసిన మొత్తం 1,000. కొడుకును బోనులో నిలబెట్టే నోటీసు రాసే ముందు, ఆ 1,000ని కనీసం కోశ్యారీ కమిటీ చెప్పిన 3,000 దాకా తెచ్చి, ధరల సూచీకి ముడిపెట్టి, 2014 సెప్టెంబర్ నుంచి కోసిన దానికి లెక్క చెప్పాల్సింది కేంద్ర కార్మిక శాఖే.